ఇమ్రోజ్ అంటే ఈరోజు

పత్రికా స్వేచ్ఛ అనగానే మనకి గుర్తొచ్చేది సివిక్స్ పుస్తకంలో ఆర్టికల్ 19. పరీక్షలో అదొక రెండు మార్కుల ప్రశ్న. దాని కోసం మన సిటీలోనే, 27 ఏళ్ళ వయసులో, ఒక ఎడిటర్ ప్రాణం పోయిందని చాలామందికి తెలీదు. ఆయన పేరు షోయబుల్లా ఖాన్. పత్రిక పేరు ఇమ్రోజ్. ఉర్దూలో ఇమ్రోజ్ అంటే ఈరోజు. ఆ పత్రిక బతికింది తొమ్మిది నెలలే. కానీ ఆయన కథ చదివాక, ఇప్పుడు మన దేశంలో పర్సనల్ డేటా చట్టం మీద జరుగుతున్న గొడవ నాకు కొంచెం వేరేగా అర్థమైంది. ముందు ఆయన కథ చూద్దాం, చట్టం సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

రైల్వే పోలీసు కొడుకు

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబర్‌లో పుట్టారు. ఊరు ఇప్పటి మహబూబాబాద్ ప్రాంతంలోది, అప్పట్లో వరంగల్ జిల్లా కింద ఉండేది. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసులో ఉద్యోగి, తల్లి లాయకున్నీసా బేగం అని కొందరు, లైలున్నీసా బేగం అని కొందరు రాస్తారు. తండ్రికి గాంధీ అంటే విపరీతమైన గౌరవం. కొడుకు ముఖంలో గాంధీ పోలికలు కనిపించి, ముద్దుగా గాంధీ పేరు కలిపి పిలిచేవారని చెప్పుకుంటారు. నిజాం సర్కారు జీతం తీసుకునే ఒక పోలీసు ఇంట్లో అలాంటి ముద్దు పేరు ఉండటం మామూలు విషయం కాదు.

చదువు ఉస్మానియా యూనివర్సిటీలో. 1918లో మొదలైన ఉస్మానియాలో అప్పుడు బోధనా భాష ఉర్దూ. సైన్సు, చట్టం, చరిత్ర అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. అక్కడ డిగ్రీ ఉంటే సర్కారు కొలువు దొరకడం పెద్ద కష్టం కాదు. షోయబ్ ఆ దారిలో వెళ్ళలేదు. తక్కువ జీతానికి పత్రికలో చేరారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో మంచి ఆఫర్ వదులుకుని, రేపు మూతపడుతుందో ఎల్లుండి మూతపడుతుందో తెలియని చిన్న స్టార్టప్‌లో చేరినట్టు అనుకోండి. తేడా ఏంటంటే, ఇక్కడ మూయించేది మార్కెట్ కాదు, ప్రభుత్వం.

అప్పటి హైదరాబాద్

హైదరాబాద్ సంస్థానం అంటే ఇప్పటి తెలంగాణ ఒక్కటే కాదు. మరాఠ్వాడా, కర్ణాటకలోని కొన్ని జిల్లాలు కూడా అందులో భాగం. జనాభా సుమారు 1 కోటి 60 లక్షలు. ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. రాజభాష మాత్రం ఉర్దూ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. దానికోసం తెచ్చిన సర్క్యులర్‌నే గస్తీ నిషాన్ 53 అనేవారు. పత్రిక పెట్టాలన్నా అనుమతే. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

అలాంటి వాతావరణంలోనే సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో తెలుగులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. మందుముల నర్సింగరావు గారు ఉర్దూలో రయ్యత్ నడిపారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. ఒక తెలుగాయన ఉర్దూ పత్రిక నడపడం మనకి ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, సర్కారు చదివే భాషలో సర్కారుని ప్రశ్నించాలంటే అదే దారి.

షోయబ్ మొదట తేజ్ అనే ఉర్దూ పత్రికలో రాశారు. ఆయన రాతలు ప్రభుత్వానికి నచ్చలేదు. తేజ్ ఆగిపోయింది. తర్వాత రయ్యత్‌లో చేరారు. దాన్ని కూడా ప్రభుత్వం మూయించింది. రెండు పత్రికలు కళ్ళ ముందే పోయాక ఎవరైనా ఏం చేస్తారు? కొంచెం తగ్గుతారు, లేదా వేరే పని చూసుకుంటారు. ఆయన సొంతంగా పత్రిక పెట్టారు.

1947 నవంబర్‌లో ఇమ్రోజ్ మొదలైంది. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. ఆయనే తర్వాత 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. షోయబ్ ఇంట్లో ఆడవాళ్ళ నగలు కూడా ఈ పత్రిక ఖర్చులకే పోయాయని చెప్తారు.

ఇక్కడ ఒక మాట. టోలిచౌకిలో రోడ్డు మీద నడిస్తే ప్రతి రెండో షాపు బోర్డు మీద ఉర్దూ అక్షరాలు కనిపిస్తాయి. రోజూ చూస్తాం, చదవలేం. మన తెలుగు వాళ్ళలో చాలామందికి షోయబ్ తెలియకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను. ఆయన మన పక్క వీధి మనిషే. కానీ రాసింది మనకి రాని లిపిలో.

పేర్లు రాయడం

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ హైదరాబాద్ దేశంలో కలవలేదు. నవంబర్ 29న నిజాం, భారత ప్రభుత్వం మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. అంటే ఒక ఏడాది పాటు ఎక్కడివి అక్కడే. ఆ సమయంలోనే ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు బలపడ్డారు. రజ్వీ లాతూరుకి చెందిన లాయర్, మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. పేరుకి స్వచ్ఛంద సేవ, పల్లెల్లో జరిగింది మాత్రం దోపిడీలు, ఇళ్ళు తగలబెట్టడం, హత్యలు.

షోయబ్ వీటి గురించే రాశారు. సంస్థానం భారత్‌లో కలవాలని, ప్రజలకి బాధ్యత వహించే ప్రభుత్వం రావాలని రాశారు. 1948 జనవరిలో పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం అనే అర్థం వచ్చే సంపాదకీయం రాశారు. పగలు పాలించేది సర్కారు, రాత్రి పాలించేది రజాకార్లు అన్నది దాని సారాంశం. ఒక రాజ్యంలో రెండు అధికారాలు నడుస్తుంటే ప్రజలు ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలి అన్నది ఆయన ప్రశ్న.

ఇది చదివి రజాకార్లకి కోపం రావడం సహజం. కానీ వాళ్ళని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. రాస్తున్నది ఒక ముస్లిం, అదీ ఉర్దూలో. ఇది హిందువుల కుట్ర అని కొట్టిపారేయడానికి వీల్లేదు. తాము ముస్లింలందరి తరఫున మాట్లాడుతున్నామని రజ్వీ చెప్పుకునే మాటని ఇమ్రోజ్ రోజూ అబద్ధం చేస్తోంది.

ఆగస్టులో అది ఇంకా ముదిరింది. ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా లాంటివాళ్ళు అందులో ఉన్నారు. రజాకార్లని ఆపాలని, సంస్థానం భారత్‌లో చేరాలని వాళ్ళు కోరారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. సంతకాలు పెట్టినవాళ్ళు తమ పేర్లు దాచుకోలేదు. పేరు లేని ప్రకటన అయితే ఎవరో ఆకాశరామన్న రాసిందని తీసిపారేసేవారు. పేరు పెట్టడమే అక్కడ అసలు బలం, అసలు ప్రమాదం కూడా.

షోయబ్‌కి బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. జాగ్రత్తగా ఉండమని స్నేహితులు చెప్పారు. ఆగస్టు 19న జమ్రుద్ మహల్‌లో జరిగిన సభలో రజ్వీ, తమకి వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడతాయనే అర్థంలో మాట్లాడాడు. విన్నవాళ్ళకి ఎవరి చెయ్యి గురించో విడిగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆగస్టు 21 రాత్రి

రెండు రోజుల తర్వాత, 1948 ఆగస్టు 21 రాత్రి. పేపర్ పని అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. షోయబ్, ఆయన బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కలిసి కాచిగూడ దగ్గర లింగంపల్లి చౌరస్తా వైపు నడుచుకుంటూ ఇంటికి వెళ్తున్నారు. దారిలో కాపు కాసినవాళ్ళు వెనక నుంచి పిలిచారు. ఆగగానే కాల్పులు జరిపారు. కింద పడ్డాక కత్తులతో ఆయన రాసే చేతిని నరికారు. అడ్డం వెళ్ళిన ఇస్మాయిల్ ఖాన్‌ని కూడా నరికారు. ఆయన బతికి బయటపడ్డారు గానీ చెయ్యి పోయింది.

షోయబ్‌ని ఉస్మానియా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆగస్టు 22 తెల్లవారుజామున ఆయన చనిపోయారు. అంతిమయాత్ర కూడా జనంతో, ఊరేగింపుగా జరగనివ్వలేదు. గోషామహల్ మాలకుంట శ్మశానంలో ఖననం చేశారు.

సుమారు మూడు వారాలకి, సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆయన ఏ రోజు కోసం రాశారో ఆ రోజు చూడటానికి నెల కూడా తక్కువైంది. రజ్వీని అరెస్టు చేశారు. బీబీనగర్ దోపిడీ కేసులో జైలు శిక్ష పడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు.

కథ అక్కడితో అయిపోలేదు

ఇక్కడ ఆపేస్తే కథ చాలా తేలిగ్గా ఉంటుంది. చెడ్డ రాజ్యం పోయింది, మంచి రాజ్యం వచ్చింది, శుభం. కానీ పోలీస్ యాక్షన్ తర్వాత సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో, ముస్లింల మీద దాడులు జరిగాయి. దాని గురించి తెలుసుకోవడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా ఉన్నారు. ఆయన కూడా జర్నలిస్టే, హైదరాబాద్‌లో పయామ్ అనే ఉర్దూ పత్రిక పెట్టిన ఎడిటర్. చనిపోయినవాళ్ళు 27,000 నుంచి 40,000 దాకా ఉండొచ్చని ఆ బృందం తక్కువలో తక్కువగా అంచనా వేసింది. ఆ రిపోర్టుని ప్రభుత్వం విడుదల చేయలేదు. దశాబ్దాల పాటు మామూలు జనానికి అందుబాటులోకి రాలేదు.

నిజాం సర్కారు పత్రికలు మూయించింది. ఆ తర్వాత వచ్చిన ప్రజాప్రభుత్వం ఒక రిపోర్టుని బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండూ ఒకటే అని నేను అనట్లేదు. ఒకచోట హత్య, ఒకచోట మౌనం. కానీ ఏ ప్రభుత్వానికైనా ఇబ్బంది పెట్టే సమాచారం దాచాలనే కోరిక ఉంటుంది. మంచి ప్రభుత్వమా చెడ్డ ప్రభుత్వమా అన్నది కాదు, దాచే వీలు ఎంతుంది అన్నదే ప్రశ్న.

మన చట్టంలో షోయబ్ ఎక్కడ?

ఇప్పుడు 2023కి వద్దాం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అని చెప్పింది. చాలా మంచి తీర్పు. ఆ హక్కుని కాపాడటానికి ఒక చట్టం కావాలి కాబట్టి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీలు పూర్తిగా పాటించడానికి 18 నెలల గడువు ఇచ్చారు. మన బ్రాంచి వాళ్ళకి ఇది రేపటి ఉద్యోగంలో రోజువారీ పని. యూజర్ అనుమతి తీసుకోవడం, అడిగితే డేటా తీసేయడం, లీక్ అయితే చెప్పడం, అన్నీ మనమే కోడ్ రాయాలి. తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

సమస్య ఎక్కడంటే, 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తయారుచేసిన ముసాయిదాలో జర్నలిజానికి మినహాయింపు ఉంది. 2019 బిల్లులోనూ ఉంది. 2023లో పాసైన చట్టంలో లేదు. యూరప్ చట్టం జీడీపీఆర్‌లో 85వ ఆర్టికల్ ఉంది. డేటా రక్షణకీ భావప్రకటనకీ మధ్య పొత్తు కుదిర్చే బాధ్యతని అది సభ్యదేశాల మీద పెట్టింది. మన చట్టంలో నేరాల దర్యాప్తుకి మినహాయింపు ఉంది, రీసెర్చికి ఉంది, కేంద్రం ప్రకటించే ప్రభుత్వ సంస్థలకి ఉంది, కొన్ని స్టార్టప్‌లకి కూడా ఇవ్వొచ్చు. రిపోర్టర్‌కి మాత్రం లేదు.

ఇంకొకటి, ఈ చట్టంలోని సెక్షన్ 44 సమాచార హక్కు చట్టాన్ని మార్చింది. 2005 నాటి ఆర్టీఐలో సెక్షన్ 8(1)(జె) ప్రకారం, ప్రజా వ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం అయితేనే ఇవ్వనక్కర్లేదు. ప్రజాప్రయోజనం ఉంటే అది కూడా ఇవ్వాలి. ఇప్పుడు ఆ షరతులన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు ఇవ్వనక్కర్లేదు అన్నట్టు మార్చారు. సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనం చూసి ఇచ్చే వీలు ఇంకా ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. ఉంది, నిజమే. కానీ ముందు ఇవ్వకపోవడానికి అధికారి కారణం చూపించాలి. ఇప్పుడు ఇవ్వడానికి మనం కారణం చూపించాలి. డిఫాల్ట్ సెట్టింగ్ మారింది. డిఫాల్ట్ ఎంత ముఖ్యమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇమ్రోజ్ ఒక వెబ్‌సైట్ అనుకోండి. ఫలానా ఊళ్ళో దోపిడీ చేయించిన నాయకుడి పేరు, అతని పదవి, అతనితో ఉన్న అధికారి పేరు, అన్నీ పర్సనల్ డేటానే. వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి, కథనం రాయాలంటే వాళ్ళ అనుమతి అడగాలా? అడిగితే ఇస్తారా? వేసిన కథనాన్ని తీసేయమని వాళ్ళు హక్కుగా అడిగితే? ఫిర్యాదు వినే డేటా ప్రొటెక్షన్ బోర్డు సభ్యుల్ని నియమించేది కేంద్ర ప్రభుత్వమే. సెక్షన్ 36 కింద డేటా దగ్గర పెట్టుకున్నవాళ్ళ నుంచి సమాచారం అడిగే అధికారం కూడా కేంద్రానికి ఉంది. అప్పుడు ఆ వార్త చెప్పిన పల్లెటూరి మనిషి పేరు ఎంతవరకు భద్రం? పెద్ద చానల్ అయితే లాయర్లని పెట్టుకుంటుంది. నగలు అమ్మి నడిపే పత్రిక ఏం చేస్తుంది? ముందే భయపడి పేరు తీసేస్తుంది. పేరు తీసేసిన వార్త, ఆకాశరామన్న ప్రకటన లాంటిదే.

మరి ప్రైవసీ వద్దా?

కావాలి. ఇదే కథలో దానికి కారణం ఉంది. షోయబ్‌ని చంపినవాళ్ళకి ఏం తెలుసు? ఆయన ఏ టైముకి ఆఫీసు నుంచి బయల్దేరతారు, ఏ దారిలో వెళ్తారు, పక్కన ఎవరుంటారు. ఇవాళ్టి భాషలో ఇదంతా లొకేషన్ డేటా. అది ఇతరులకి చేరకుండా ఉండాల్సిన సమాచారం. ఈరోజు ఒక రిపోర్టర్ ఫోన్ దొరికితే వెనక నుంచి పిలిచి ఆపాల్సిన పని కూడా లేదు.

ప్రైవసీని పత్రికలు, చానళ్ళు తొక్కేయడం కూడా మనకి కొత్త కాదు. టోలిచౌకి నుంచి కొంచెం దూరం వెళ్తే ఫిల్మ్‌నగర్. అక్కడివాళ్ళ పెళ్ళిళ్ళు, విడాకులు, జబ్బుల మీద థంబ్‌నెయిల్స్ చేసి బతికే యూట్యూబ్ చానళ్ళు ఎన్నో. 2021లో ఒక ప్రముఖ నటి తన మీద వేసిన వీడియోల గురించి కూకట్‌పల్లి కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. ఒక మనిషి ఇంట్లో జరిగిన బాధని అమ్ముకోవడం జర్నలిజం అంటే షోయబుల్లా ఖాన్ ఒప్పుకోరు అనే అనుకుంటాను. ఆయన రాసింది ఎవరి పడకగది గురించో కాదు, తుపాకీ పట్టుకుని ఊరి మీద పడినవాళ్ళ గురించి.

కాబట్టి గీత గీయాల్సింది ప్రైవసీకీ పత్రికకీ మధ్య కాదు. అధికారం ఉన్నవాడు ఆ అధికారంతో చేసిన పని అతని ప్రైవేటు విషయం కాదు. అధికారం లేనివాడి అడ్రసు, జబ్బు, అతను రిపోర్టర్‌కి చెప్పిన మాట, ఇవి అతనివే. ఈ తేడా చట్టంలో రాసి ఉండాలి. ప్రజాప్రయోజనం కోసం, నియమాలు పాటించి చేసే జర్నలిజానికి మినహాయింపు తిరిగి రావాలి. యూట్యూబ్‌లో ఒక్కడే కూర్చుని చేసినా, పెద్ద పత్రికలో చేసినా అదే కొలత ఉండాలి. ఆర్టీఐలో తీసేసిన ప్రజాప్రయోజనం షరతుని మళ్ళీ అక్కడే పెట్టాలి. బోర్డు ప్రభుత్వం చేతికింద లేకుండా ఉండాలి. ఇవేమీ అసాధ్యమైన కోరికలు కావు, మొదటిది మన ముసాయిదాలోనే ఉండింది.

కాచిగూడ స్టేషన్ దగ్గర దిగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఈసారి లింగంపల్లి చౌరస్తా దాటేటప్పుడు ఒక్కసారి గుర్తు చేసుకోండి. అర్ధరాత్రి దాకా కూర్చుని మర్నాటి పేపర్ సిద్ధం చేసి, ఒక ఎడిటర్ ఇదే దారిలో ఇంటికి నడిచాడు. ఆయన పేరు పెట్టి రాశాడు. ఎవరి పేర్లు రాయాలో అవి రాశాడు. ఆ పని ఈరోజు కూడా ఎవరో ఒకరు చేయగలిగేలా చట్టం ఉండాలి.